ఫస్టియర్ సైకాలజీ: తెలిసినట్టు అనిపించేదాన్ని నిజంగా నేర్చుకోవడం ఎలా?

డిగ్రీలో సైకాలజీ తీసుకున్నవాళ్లలో చాలామందికి మొదటి ఇంటర్నల్ పరీక్షలోనే దెబ్బ తగులుతుంది. సబ్జెక్టు తేలిగ్గా కనిపించడమే దానికి కారణం. జ్ఞాపకం, కోపం, భయం, అలవాటు, తెలివి. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ మన నోట్లో నానుతున్న మాటలే కదా. పాఠం వింటున్నంతసేపూ తల ఊపుతూనే ఉంటాం. పుస్తకం చదువుతుంటే అన్నీ తెలిసినవే అనిపిస్తాయి. తీరా పరీక్షలో 'మరచిపోవడానికి కారణాలు వివరించండి' అని కనబడేసరికి పాఠంలోది ఒక్క ముక్కా గుర్తు రాదు. తాతయ్య కళ్లజోడు ఎక్కడో పెట్టి మరచిపోయిన కబుర్లతో రెండు పేజీలు నింపేసి వస్తాం.

నేనూ అలాగే రాశాను, పాలకొల్లు నుంచి బస్సులో కాలేజీకి వెళ్లొచ్చే రోజుల్లో. ఇరవైకి ఆరు మార్కులు వచ్చాయి. పేపరు దిద్దిన మేడం మార్జిన్లో ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఇందులో సైకాలజీ ఎక్కడుంది?" ఇప్పుడు నేను ఫస్టియర్ పిల్లలకి అదే సబ్జెక్టు చెబుతున్నాను. నా క్లాసులో పిల్లలతో చేయించేవాటిలో నిజంగా పనికొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక నోటుబుక్కు, అందులో మూడు గళ్లు

మన వైపు పిల్లలు చాలామంది పదో తరగతి వరకో, ఇంటరు వరకో తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి వచ్చేసరికి ఇంగ్లిషు పాఠాల్లో పడతారు. మీరూ అంతే అయితే మొదటి రెండు వారాలు మాటల మీదే పని చేయండి. నోటుబుక్కులో పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఇంగ్లిషు మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో మీ ఇంట్లోదో మీ వీధిలోదో ఒక ఉదాహరణ. తెలుగు మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో అక్కో వదినో డీఎస్సీకి ప్రిపేరయి ఉంటే టెట్ సైకాలజీ పుస్తకం అటక మీద ఉండే ఉంటుంది. పునర్బలనం, మూర్తిమత్వం, ప్రజ్ఞ, సంవేదన, ప్రత్యక్షం అన్నీ అందులో దొరుకుతాయి. దాన్ని నిఘంటువులా వాడుకోండి, అంతవరకే. అవి బిట్ల కోసం రాసిన పుస్తకాలు, డిగ్రీ జవాబుకి సరిపోవు. పాఠం సరిగ్గా అర్థం కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిషు తేలిగ్గానే ఉంటుంది. కాలేజీ పుస్తకం కొరుకుడు పడని చోట ముందు అవి చదవండి.

మూడో గడిని ఖాళీగా వదలకండి. అది నింపలేకపోయారంటే ఆ మాట మీకు ఇంకా రాలేదన్నమాట. ఒకటి చూపిస్తాను. 'రుణాత్మక పునర్బలనం' అంటే శిక్ష అని నూటికి తొంభై మంది రాసేస్తారనిపిస్తుంది పేపర్లు దిద్దుతుంటే. మన డెల్టాలో సాయంత్రమయ్యేసరికి దోమలు ఎలా ముసురుకుంటాయో మీకు వేరే చెప్పాలా? అమ్మ వేపాకు పొగ వేస్తుంది, దోమలు పోతాయి, మర్నాడు ఇంకాస్త ముందే పొగ వేస్తుంది. ఇబ్బంది పెట్టేది తొలగిపోయింది, దాన్ని తొలగించిన పని పెరిగింది. అదీ రుణాత్మక పునర్బలనం. పని పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. రుణాత్మకం అంటే ఏదో ఒకటి తీసేయడం, చెడ్డదని అర్థం కాదు. ఆ గడిలో 'వేపాకు పొగ' అని రాసుకున్నవాళ్లు ఈ తేడా మళ్లీ పొరబడటం నేను చూడలేదు.

ఉదాహరణ తెచ్చుకోవడమే కాదు, దాన్ని ముక్కలుగా కోయండి

అసలు సైకాలజీ నేర్చుకోవడం ఇక్కడ మొదలవుతుంది, కాబట్టి ఈ పని మీద ఎక్కువసేపు కూర్చోండి.

పావ్‌లోవ్ గురించి చదువుతారు. రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. కుక్కల లాలాజలాన్ని కొలుస్తూ, ఆహారం నోట్లో పడకముందే లాలాజలం ఊరడం గమనించాడు. ఆహారానికి ముందు ఒక చప్పుడు మళ్లీ మళ్లీ వినిపిస్తే చివరికి ఆ చప్పుడుకే లాలాజలం ఊరుతుందని చూపాడు, దీన్నే శాస్త్రీయ నిబంధనం అంటారు. ఆ చప్పుడు గంటే అంటారు అందరూ గానీ ఆయన మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ తాళం వేసే పరికరం), బజర్ లాంటివి కూడా వాడాడు. ఇంతవరకూ పుస్తకం. ఇది చదివి పేజీ తిప్పేస్తే మీకు వచ్చింది ఒక కుక్క కథ.

మా క్లాసులో ఒక అబ్బాయి, భీమవరం దగ్గర చేపల చెరువు మీద పనిచేసే వాళ్ల నాన్నని చూసి ఒక ఉదాహరణ తెచ్చాడు. పొద్దున్నే తవుడు, నూనెచెక్క కలిపిన మేతని అడుగున బెజ్జాలు పెట్టిన సంచుల్లో నింపి, చిన్న పడవలో వెళ్లి చెరువులో కర్రలకి కడతారు. "పడవ కదిలిన చప్పుడు వింటే చాలండి, చేపలు వచ్చేస్తాయండి" అన్నాడు. చాలా బాగుందన్నాను. ఆ తర్వాత క్లాసంతా కలిసి దాన్ని కోయడం మొదలుపెట్టాం.

ఉద్దీపన అంటే ప్రాణిని కదిలించేది, ప్రతిస్పందన అంటే దానికి ప్రాణి చేసేది. మేత సహజ ఉద్దీపన. మేతకి ఎగబడటం సహజ ప్రతిస్పందన. పడవ చప్పుడు మొదట్లో తటస్థ ఉద్దీపన, చెరువులో కొత్తగా వదిలిన చేపపిల్లలకి అది వట్టి చప్పుడే. రోజూ చప్పుడు వెంటే మేత వస్తుంటే అదే నిబంధిత ఉద్దీపన అవుతుంది. చప్పుడుకే చేపలు చేరడం నిబంధిత ప్రతిస్పందన. పది రోజులు పడవ వచ్చి మేత పెట్టకుండా వెళ్లిపోతే? చేరడం తగ్గుతూ పోవాలి, అది విలుప్తత. ఆ తర్వాత కొన్నాళ్లు పడవే తిరగకుండా ఉండి, ఒక రోజు మళ్లీ వస్తే కొన్ని చేపలైనా చేరతాయి, దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. పక్క చెరువు మోటారు చప్పుడుకి కూడా చేరితే సామాన్యీకరణం. చేరకపోతే విచక్షణ.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మరి సంచీని మూతితో పొడిస్తే మేత రాలుతుంది కదండీ, అది కూడా పావ్‌లోవేనా?" అని అడిగింది. కాదు. చేప తనంతట తాను ఒక పని చేసి ఫలితం అందుకుంటోంది, అది అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్ చెప్పిన కార్యసాధక నిబంధనం. ఒకే చెరువులో, అదే పొద్దున, రెండు రకాల అభ్యసనం జరుగుతోంది. పుస్తకంలో ఇవి వేరు వేరు శీర్షికల కింద ఉంటాయి.

అక్కడితో ఆగలేదు. చేపలు వచ్చింది చప్పుడుకేనని మనకెలా తెలుసు? పొద్దున ఆ వేళయింది కాబట్టి వచ్చాయేమో! పడవ నీడకి వచ్చాయేమో! తేల్చాలంటే ఏం చేయాలి? వేరే వేళలో పడవ తీసుకెళ్లి చూడాలి. రోజూ వెళ్లే వేళకే పడవ లేకుండా గట్టు మీద నుంచుని చూడాలి. మనం మార్చేది స్వతంత్ర చరం, దానివల్ల మారుతుందేమోనని కొలిచేది పరతంత్ర చరం, మిగతావన్నీ మారకుండా పట్టి ఉంచాలి. ప్రయోగ పద్ధతి అనే అధ్యాయం అంతా ఆ గట్టు మీదే ఉంది. ఆ అబ్బాయి ఆ ఆదివారమే వెళ్లి చూశాడు. సోమవారం వచ్చి, "వేళ కూడా కలిసిందేమోనండి, గట్టు మీద నుంచున్నా కొన్ని వచ్చాయి" అన్నాడు. 'తెలుసు' అన్నవాడు 'ఏమో' అన్నాడు. ఆ ఏడాది నా క్లాసులో నేను బాగా సంతోషించిన రోజు అది.

మీరూ ప్రతి పెద్ద అంశానికీ ఇలా ఒక్కటి చేయండి. యూనిట్‌కి ఒకటి చాలు, పది వద్దు.

అవధానం పాఠానికైతే మన గోదావరి వాళ్లు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఒక వస్తువు మీద మనసు నిలపడాన్ని తెలుగు సైకాలజీ పుస్తకాలు అవధానం అనే అంటాయి. అష్టావధానాలకి పేరుపడ్డ జంటకవులు తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారిది కడియం. అష్టావధానంలో పృచ్ఛకులు వంతులవారీగా అడుగుతారు. అవధాని ఎనిమిది పనులూ ఒకే క్షణంలో చేయడు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ, ఎక్కడ వదిలాడో అక్కడే పట్టుకుంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం మనసు చెదరగొడుతూ ఉంటుంది, గంటలు లెక్కపెట్టుకోవాలి, చివర్లో పద్యాలన్నీ ధారణ చేయాలి. అవధాన విభజన, అవధాన భంగం, స్మృతి అన్నీ ఒకే వేదిక మీద కనిపిస్తాయి. ఇంట్లో పరీక్షించి చూడండి. మీరు ఒక పేజీ చదువుతుండగా తమ్ముడిని వంటింట్లో పళ్లెం మీద గరిటెతో అప్పుడప్పుడు కొట్టమనండి, మీరు ఆ దెబ్బలు లెక్కపెట్టండి. తర్వాత పేజీలో ఏముందో రాయండి. దెబ్బలు లేకుండా ఇంకో పేజీ చదివి రాయండి. రెండు కాగితాలూ పక్కన పెట్టుకుంటే, పక్కన ఫోను మోగుతుండగా చదివిన చదువు ఏమవుతోందో మీకే కనిపిస్తుంది.

పుస్తకం మూయండి

నా మాట ఒక్కటే వినేట్టయితే ఇది వినండి. చదివిందే మళ్లీ చదవడం మానేసి, పుస్తకం మూసి కాగితం మీద రాయండి.

రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో అమెరికా కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఉంది. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన గుంపే గెలిచింది, వాళ్లకి 83 శాతం, రాసిన గుంపుకి 71 శాతం గుర్తున్నాయి. వారం తర్వాత లెక్క తారుమారయింది. చదివిన గుంపుకి 40 శాతం మిగిలితే, రాసిన గుంపుకి 61 శాతం మిగిలింది. ఇందులో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. వారం తర్వాత బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మింది పదేపదే చదివినవాళ్లే. మొదట్లో చెప్పిన 'తెలిసినట్టు అనిపించడం' సరిగ్గా ఇదే.

కాబట్టి ఇలా చేయండి. క్లాసు అయిన రోజు సాయంత్రం బస్సులోనో పంటులోనో ఇంటికి వెళ్తూ, పుస్తకం తీయకుండా ఇవాళ్టి పాఠంలో ఏముందో మనసులో చెప్పుకోండి. ఇంటికి వెళ్లాక ఒక తెల్లకాగితం మీద రాసి, అప్పుడు పుస్తకం తెరిచి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దండి. మూడో రోజు మళ్లీ, వారం తర్వాత ఇంకోసారి. దిద్దిన కాగితాలు పారేయకండి, పరీక్ష ముందు రోజు చదవాల్సినవి అవే.

ఈ విడతలు ఎందుకంటారా? జర్మన్ సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్ 1885లో అచ్చేసిన పని చూడండి. అర్థరహిత పదాల జాబితాలు తనే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం ఆదా అయిందో కొలిచాడు. గంట తర్వాత ఆదా 44 శాతం, ఒక రోజు తర్వాత సుమారు 34, 31 రోజుల తర్వాత 21. మరపు మొదటి గంటల్లో వేగంగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. పరీక్షలో చాలామంది వీటిని 'గుర్తున్న శాతం' అని రాస్తారు. అవి పొదుపు పద్ధతి అంకెలు, అంటే ఆదా అయిన సమయం, అదీ ఒక్క మనిషివి, అదీ అర్థం లేని పదాలతో. ఆ ఒక్క వాక్యం మీ జవాబులో ఉంటే దిద్దేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ప్రాక్టికల్స్: సీనియర్ రికార్డు తెచ్చుకోకండి

చాలా కాలేజీల్లో దర్పణ లేఖనం ఉంటుంది. రెండు గీతల మధ్య సందు ఉన్న నక్షత్రం బొమ్మ, ఎదురుగా నిలువుటద్దం, చెయ్యి నేరుగా కనబడకుండా మధ్యలో అట్ట. అద్దంలోకి మాత్రమే చూస్తూ గీతల మధ్యలోంచి పెన్సిలు నడపాలి. మొదటి మూల దాకా బాగానే వెళ్తారు. మూల తిరగ్గానే పెన్సిలు అక్కడే నిలబడి వణుకుతుంది. పైకి అనుకుంటే కిందికి పోతుంది. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది. ఎప్పుడూ తడబడని చెయ్యి ఉన్నట్టుండి పరాయిదైపోయినట్టు ఉంటుంది. ఆ అనుభవాన్నే ప్రయోజ్యుడి (ప్రయోగం ఎవరి మీద చేస్తున్నామో ఆ మనిషి) అంతఃపరిశీలన నివేదికలో, అంటే లోపల ఏమనిపించిందో చెప్పే చోట, రాయాలి. సీనియర్ రికార్డులోంచి ఎక్కించినవాళ్లకి అది ఎలా తెలుస్తుంది?

ప్రయోగం ఇలా నడపండి. ప్రయోజ్యుడు కుడిచేతి వాటమైతే ముందు ఎడమ చేత్తో ఒకసారి గీయించి, పట్టిన సెకన్లు, గీత తాకిన తప్పులు రాసుకోండి. తర్వాత కుడి చేత్తో పదిసార్లు సాధన. చివర్లో మళ్లీ ఎడమ చేత్తో ఒకసారి. సాధన కుడి చేతికి, మెరుగు ఎడమ చేతికి వస్తే దాన్ని ద్విపార్శ్వ బదలాయింపు అంటారు. అయితే ఒక చిక్కుంది. ఎడమ చెయ్యి రెండోసారి గీయడం వల్లే కొంత మెరుగు వచ్చి ఉండొచ్చు కదా? అందుకే ఇంకో స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, ఎడమ చేత్తో ఒకసారి గీయించి, అంతసేపూ ఊరికే కూర్చోబెట్టి, మళ్లీ ఎడమ చేత్తో గీయించండి. ఇతని మెరుగు కంటే మొదటివాడి మెరుగు ఎంత ఎక్కువో అదే మీ ఫలితం. నియంత్రిత సమూహం (ఇలా సాధన లేకుండా, పోల్చడానికి పెట్టుకునేవాళ్లు) ఎందుకు కావాలని వైవాలో అడిగితే ఈ కథే చెప్పండి.

ఫలితం పుస్తకానికి ఎదురు తిరిగితే ఎదురుగానే రాయండి. అంకెలు మార్చకండి. ప్రయోజ్యుడు ఎందుకు విసిగిపోయాడో, కరెంటు ఎప్పుడు పోయిందో, పక్కన ఎవరు నవ్వారో చర్చలో రాస్తే అది నిజమైన రికార్డు.

పేర్లు, ఏళ్లు, జవాబు

వీటితో టెన్షన్ పెట్టుకోవద్దు. మొదటి ఏడాదికి నాలుగైదు ఏళ్లు గట్టిగా వస్తే చాలు: 1879 లైప్‌జిగ్‌లో వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాల, 1885 ఎబ్బింగ్‌హాస్, 1913 వాట్సన్ ప్రవర్తనావాదం (బయటికి కనబడే ప్రవర్తననే చదవాలన్న వాదం), 1916 కలకత్తా విశ్వవిద్యాలయంలో మన దేశపు మొదటి సైకాలజీ విభాగం. పెద్ద ప్రశ్నకి నిర్వచనం, ప్రయోగం జరిగిన తీరు, అందులో ఏది ఏమిటో పేర్లతో ఒక చిన్న బొమ్మ, మీ సొంత ఉదాహరణ, చివరికి ఆ సిద్ధాంతం ఎక్కడ సరిపోదో రెండు ముక్కలు. సొంత ఉదాహరణ చివర్లో కాకుండా మొదట్లోనే పెడితే కబుర్లలోకి జారిపోతారు, నాకు జరిగింది అదే.

మనుషుల దగ్గర

రెండో సెమిస్టరు వచ్చేసరికి ఇంట్లో అందరికీ ఏదో ఒక జబ్బు పేరు పెట్టాలనిపిస్తుంది. గిన్నెలు రెండుసార్లు కడిగే పిన్నికి ఓసీడీ అనకండి. ఒక పేరు పెట్టడానికి ఎన్నో ఏళ్ల శిక్షణ కావాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి రిజిస్టర్లో పేరు ఉండాలి. ఫస్టియర్ పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన మనం ఆ రెండూ కాము. అలాగే అసాధారణ ప్రవర్తన గురించి చదువుతుంటే ఆ లక్షణాలన్నీ మనకే ఉన్నట్టు అనిపించడం మామూలే. కానీ నిద్ర పట్టక, తిండి సయించక, మనసు నిజంగా బరువెక్కితే ఊరుకోకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎవరినైనా ఏమైనా అడిగే ముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పి, వాళ్లు సరేనన్నాకే అడగండి. స్మృతి పాఠానికి నేను ఇచ్చే పని ఒకటుంది. మన కోనసీమని కొట్టిన 1996 నవంబరు 6 తుఫాను చూసిన ఇద్దరిని, ఒకే ఇంట్లోవాళ్లని, విడివిడిగా అడిగి రాసుకు రావాలి. అమెరికాలో 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడే నైసర్, హార్ష్ అనే పరిశోధకులు విద్యార్థుల చేత ఆ కబురు ఎలా విన్నారో రాయించి, రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ రాయించారు. చాలామంది రెండోసారి వేరే కథ రాశారు, అదీ గట్టి నమ్మకంతో. మన ఇళ్లలో ఏమవుతుందో చూడటానికే ఈ పని. మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మాత్రం వెళ్లొద్దని ముందే చెబుతాను.

కిందటేడు అమలాపురం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మనీ పెదనాన్ననీ అడిగింది. పెరట్లో కొబ్బరిచెట్టు పశువులపాక మీద పడింది దీపాలు పెట్టే వేళకే అంది నాయనమ్మ. కాదు, అర్ధరాత్రి దాటాక, లాంతరు తానే పట్టుకున్నానన్నాడు పెదనాన్న. ఇద్దరిలో ఎవరికీ సందేహం లేదు. "నా పేరు రాయకమ్మా" అందిట నాయనమ్మ. "ఏది రాయమంటారు మేడం?" అని నా దగ్గరికి వచ్చింది. రెండూ రాయమన్నాను. రికార్డులో ఎడమ వైపు 'ప్రయోజ్యురాలు 1, దీపాల వేళ', కుడి వైపు 'ప్రయోజ్యుడు 2, అర్ధరాత్రి తర్వాత' అని రాసి, కింద గీత గీసి, చర్చ మొదలుపెట్టింది.